నర్మదాబాయి గారి మగ్గమూ, దాని ఎదుటి పీటా
— గాజెంగి రాజన్న, విశ్రాంత నేత కార్మికుడు

గోదావరి మా సాలెవాడలోకి వచ్చి, నలభై మగ్గం గుంటలనూ ఒండ్రుతో పూడ్చిపోయిన వరద ఏడు అది. నీళ్ళు తీసిన మూడు నెలలకు, సంఘం రిజిస్టరు ప్రకారం 1964వ సంవత్సరం జనవరి 8వ తేదీ బుధవారం నాడు, శ్రీమతి అడ్డగట్ల నర్మదాబాయి గారు మన చేనేత సహకార సంఘంలో నేత కార్మికురాలిగా చేరారు. ఆ రిజిస్టరులో అంతకు ముందు ఆడమనిషి పేరు లేదు. ఇరవై నాలుగు సంవత్సరాలకు పైబడిన అవిచ్ఛిన్న సేవానంతరం, 1988 మే నెల 31వ తేదీన, నేత విభాగపు ముకద్దంగా, అంటే పనివారి మీద పెద్దగా, వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభసందర్భమున వెలువడుతున్న సంచికలో వారిని గురించి నాలుగు మాటలు రాయమని కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. వారి పక్క మగ్గం నాది. పన్నెండేళ్ళు పక్కపక్కన పనిచేసి, నేను వారికంటే ముందే విరమించాను. బడికి పోయింది మూడేళ్ళు. మాట తక్కువవాడినని వాడలో అందరికీ తెలుసు. కనుక చూసినది చూసినట్లు రాస్తాను. తప్పులుంటే పెద్దలు దిద్దుకొని చదవగలరు.

నర్మదాబాయి గారు 1930లో మాండవి దిక్కున అడవి అంచు పల్లెలో, సొంత భూమి లేని కూలి కుటుంబంలో జన్మించారు. వారి బాల్యం పరుల చేలలో పత్తి ఏరుతూ గడిచింది. ఏరిన పత్తి ఎక్కడికి పోతుందో, ఏమవుతుందో అప్పుడు తెలియదని వారు చెప్పేవారు. 1952లో వివాహమై నాందేడుకు వచ్చిన తరువాత ఆ పత్తి నూలై వారి చేతికి తిరిగి వచ్చింది. భర్త మార్కండేయ గారు మన సంఘంలో పేరున్న పనివారు. వయసులో నాకన్నా చిన్నవారు, పనిలో నాకన్నా పెద్దవారు.

ఈ సంచిక చదివే బంధుమిత్రులలో మగ్గం ఎరుగనివారు కూడా ఉంటారు కనుక ఇక్కడ ఒక మాట చెప్పాలి. చద్దర్లు నేసే మా మగ్గం గుంట మగ్గం. నేత మనిషి నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటాడు. గుంటలో నాలుగు తొక్కుడు కర్రలు ఉంటాయి. వాటిని వరుస తప్పకుండా తొక్కితే చద్దరు మీద ఏటవాలు గీత పడుతుంది. మగ్గానికి అవతల, పడుగు, అంటే నిలువు పోగులు, పరిచిన వైపున, అతనికి ఎదురుగా ఒక పొట్టి పీట ఉంటుంది. ఇంటి ఆడమనిషి దాని మీద కూర్చుని, తెగిన పోగులను వేళ్ళతో మెలిపెట్టి అతుకుతుంది. ఈయన ముఖం ఆమెకు, ఆమె ముఖం ఈయనకు. నర్మదాబాయి గారు ఆ పీట మీద పదకొండేళ్ళు కూర్చున్నారు. గుంటలోకి మాత్రం ఆడవారు కాలు పెట్టరాదని, పీట మీద మగవాడు కూర్చోరాదని మా వాడ కట్టుబాటు. ఎవరు పెట్టారో తెలియదు. అడిగినవారూ లేరు.

వరద వచ్చిన నాడు మార్కండేయ గారు మగ్గం మీది పడుగును కాపాడబోయి, మట్టిగోడ కూలి మరణించారు. పడుగు బురద కొట్టుకొని మిగిలింది. ఆ సంగతి ఇంతకన్నా రాయను. వారి కుమార్తె జనాబాయి ఈ సంచిక చదువుతుంది.

అప్పటికి నర్మదాబాయి గారికి ముప్పై మూడేళ్ళు. ఆరేళ్ళ కూతురు, చూపు మందగించిన అత్తగారు భీమవ్వ, వారి మీద ఉన్నారు. మగ్గం సంఘానిది. మగ్గం ఉన్న గది కూడా సంఘానిది. మూడు నెలలు ఆడని మగ్గాన్ని వరుసలో తరువాత ఉన్న మనిషికి ఇవ్వాలని నియమం. మగ్గం పోతే గది పోతుంది. గది పోతే ముగ్గురూ మాండవి దిక్కుకు, మళ్ళీ పరుల చేలకు, పోవలసిందే. వరుసలో తరువాత ఉన్నవాడు గాజెంగి కాశీరాం. నా సొంత తమ్ముడు.

డిసెంబరు 20వ తేదీన సభ కూడింది. చైర్మన్ రాజమౌళి గారు సంగతి చెప్పారు. నర్మదాబాయి గారు గడప దగ్గర, అత్తగారి చేయి పట్టుకొని నిలబడి ఉన్నారు.

“మగ్గం నేనే నడుపుత,” అన్నారు.

వెనుక వరుసలో ఎవరో నవ్వారు. “నువ్వు మగ్గం నడిపితె మీ ఇంట్ల అంబలి ఎవలు గాత్తరు? చైర్మన్ సాబు గాత్తడా?”

“వాడు గాసింది తాగితె మేం బతుకుతమా?” అన్నది భీమవ్వ. రాజమౌళి గారికి ఆమె వరుసకు మేనత్త. సభ అయినా, సంత అయినా ఆమె నోటికి అడ్డం ఉండేది కాదు. “చిన్నప్పుడు వానికి పొయ్యి ముట్టిచ్చుడు నేర్పుదమని సూసిన. కనుబొమ్మలు కాలవెట్టుకున్నడు.”

అందరూ నవ్వారు, రాజమౌళి గారు కూడా నవ్వారు. తరువాత, మగ్గం కాశీరాంకు ఇవ్వాలనేవారు చేతులెత్తమన్నారు. ముప్పై ఒక్క చేతులు లేచాయి. అందులో ఒకటి నాది. అన్నిటికన్నా ఆఖరున లేచింది, కానీ లేచింది. అభినందన సంచికలో ఇది రాయదగినదా, కాదా అని చాలా ఆలోచించాను. ఇది రాయకపోతే మిగతాది రాసే హక్కు నాకు లేదని తోచింది.

రాజమౌళి గారు నియమానికి కట్టుబడే మనిషి. చేతులు లెక్కపెట్టి కూడా, మగ్గం అప్పుడే ఇచ్చివేయలేదు. “మూడు నెలలు నిండనీకి ఇంక పద్దెనిమిది దినాలు ఉన్నయి. గంతల ఒక్క చద్దరు నేసి, తపాసనీస్ సాబు పాసు జేత్తె మగ్గం నర్మదదే. లేకుంటె కాశీరాంది. ఇగ లొల్లి వద్దు,” అని సభ ముగించారు. గుడ్డను పరీక్షించి ముద్ర వేసే అధికారిని మేము తపాసనీస్ అంటాము. వారు జనవరి 7న రావలసి ఉంది.

మరునాడు నర్మదాబాయి గారు కొంగు బిగించి, చెంబు పట్టుకొని, గుంటలోకి దిగారు. దిగనిదే ఒండ్రు తీయడం సాధ్యం కాదు. వాకిట్లో జనం చేరారు. పేర్లు రాయను, కొందరు ఇప్పుడు మనవలను ఎత్తుకొని ఈ సన్మానానికి వస్తారు.

“గుంటల ఆడిది కాలువెడితె మగ్గం ఎండుకపోతదంటరు, భీమవ్వా. నీ కోడలికి జెప్పవా?”

భీమవ్వ రాట్నం తిప్పుతూనే జవాబు చెప్పింది. “గోదారి సుత ఆడిదే గదనే. ఎవలు పిలువకుంటనే అచ్చి నలభై గుంటలల్ల దిగింది. గప్పుడు ఏడికి పోయింది మీ కట్టుబాటు?”

జనం మెల్లగా తగ్గారు.

ఒండ్రు తీయడానికి రెండు రోజులు పట్టింది. తరువాత ఆ పడుగును నది ఒడ్డుకు తీసుకుపోయి మూడు సార్లు జాడించారు. పాడుచేసిన నీళ్ళలోనే బాగుచేశారు. జొన్న గంజి పెట్టి ఆరబెట్టి, పద్నాలుగు వందల పోగులనూ ఒక్కొక్కటిగా సరిచూసి మగ్గానికి ఎక్కించారు. పోగు అతికే పనిలో వారికి సాటి అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. కానీ నేత వేరు. నేత వారు చూసిందే గాని, చేసింది కాదు.

గోడ కూలిన తరువాత మా రెండు మగ్గాల మధ్య వెదురు తడక మాత్రమే ఉండేది. అందువలన నాకు అంతా కనిపించేది. తడిసి ఆరిన పడుగు కనుక పోగులు ఊరికే తెగేవి. ఎదుటి పీట మీద అతికేవారు లేరు. భీమవ్వ చూపు రాట్నానికి సరిపోయేది గాని సన్నని పోగుకు సరిపోయేది కాదు. పోగు తెగిన ప్రతిసారి నర్మదాబాయి గారు గుంటలో నుంచి పైకి లేచి, మగ్గం చుట్టూ తిరిగి పోయి, పీట మీద కూర్చుని అతికి, మళ్ళీ చుట్టూ తిరిగి వచ్చి గుంటలోకి దిగేవారు. ఒక రోజు నలభై రెండు సార్లు. లెక్క పెట్టాలని పెట్టింది కాదు. నా చేయి ఆగిపోయింది.

భీమవ్వకు కన్ను మందమే గాని చెవి మందం కాదు. “ఏం రా రాజిగా, నీ మగ్గం సప్పుడైత లేదు? నీ పోగులు సుత తెగుతున్నయా?”

“లేదవ్వా,” అన్నాను.

“మరి గట్లనే సూడు. సూసుడుకు కూలి ఇత్తరేమో.”

నేను తల దించుకొని, పేక నూలు మోసే నాడెను విసిరాను. ఆ వారమంతా నా చద్దరు మీద గీత కూడా సరిగా రాలేదు.

జనవరి 7న తపాసనీస్ గారు వచ్చారు. సంఘం గదిలో నమూనా చద్దరు ఒకటి ఎప్పుడూ ఉండేది. దాని పక్కన నర్మదాబాయి గారి చద్దరు పరిచారు. అధికారి గారు కళ్ళద్దాలు పెట్టుకొని, అంచులు చూసి, వేలితో నొక్కి, కొలబద్ద పెట్టి కొలిచి, తల ఊపారు. తరువాత రెండు చద్దర్ల మీదా వేలు ఏటవాలుగా నడిపి ఆగిపోయారు.

“బాయి, హే ఉలట ఆహే,” అన్నారు మరాఠీలో. ఇది తిరగబడింది, అని.

నిజమే. నమూనా మీద గీత కుడి భుజం నుంచి ఎడమ కాలికి దిగుతుంది. వారి చద్దరు మీద ఎడమ భుజం నుంచి కుడి కాలికి దిగింది. ఎందుకు అట్లా అయిందో మాకు వెంటనే అర్థమైంది. పదకొండేళ్ళు వారు మార్కండేయ గారి కాళ్ళను ఎదుటి పీట మీద నుంచి చూశారు. ఆయన కుడి వీరికి ఎడమ. తాము చూసిన వరుసనే గుంటలో దిగి తొక్కారు. పీట మీద కూర్చున్న మనిషి తప్ప ఈ తప్పు మరొకరు చేయలేరు.

సభలో నాలుకలు చప్పరించిన శబ్దం వినిపించింది. “పాపం, మంచిగనే నేసింది గని,” అన్నాడొకడు. కాశీరాం నా వైపు చూశాడు. నేను చద్దరు వైపు చూశాను.

నర్మదాబాయి గారు కొంతసేపు తమ కాళ్ళ వైపు చూసుకున్నారు. కళ్ళలో నీళ్ళు లేవు. తరువాత నెమ్మదిగా అన్నారు.

“రాజమౌళన్నా, జర దాన్ని తిర్గెయ్యి.”

రాజమౌళి గారు రెండు కొసలు పట్టుకొని చద్దరును తిరగవేశారు. వెనుక వైపున గీత కుడి భుజం నుంచి ఎడమ కాలికి దిగింది. నమూనా పక్కన పెడితే ఏది ఏదో తెలియలేదు.

ఇది మాలో ఎవరికీ తెలియని విద్య కాదు. ఆ నేతకు రెండు ముఖాలూ ఒక తీరుగానే ఉంటాయని, గీత మాత్రం అటుది ఇటు అవుతుందని, మగ్గం ఎక్కిన మొదటి నెలలోనే నేర్చుకుంటాము. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవారం పాతికమందిమి ఆ గదిలో నిలబడి ఉన్నాము. తప్పు దొరికిందన్న తృప్తిలో ఒక్కరికీ అది గుర్తుకు రాలేదు.

“తిర్గేసినా, నేసిందైతె ఉల్టానే గద,” అని వెనుక నుంచి ఒక గొణుగుడు.

“కప్పుకునేటోనికి సలి వెడతది గని, ఉల్టా సీదా వెడతదా?” అన్నది భీమవ్వ.

అధికారి గారు ఆ మాటకు అర్థం అడిగి చెప్పించుకొని, గట్టిగా నవ్వి, పైన కనిపిస్తున్న ముఖం మీదనే ముద్ర వేశారు. “సీదా హై,” అన్నారు.

అప్పుడు రాజమౌళి గారు ఒక మాట అడిగారు. “మగ్గం నీదే, నర్మదా. నియమం నియమమే. గని ఎదుటి పీట మీద ఎవలు గూసుంటరు? ఒక్కదానివే గుంట దిగుడు, ఎక్కుడు, ఎన్ని దినాలు జేత్తవు?”

“ఎవలన్న గూసుంటె గూసుంటరు. లేకుంటె నాకు కాళ్ళున్నయి,” అన్నారు నర్మదాబాయి గారు.

ఏ ఇంటి ఆడమనిషికి ఆ ఇంటి పీట ఉంది. మగవారికి ఆ పీట నవ్వులాట. కూర్చుంటానని ముందుకు వచ్చినవారు లేరు, నాతో సహా. మరునాడు వారి పేరు రిజిస్టరుకు ఎక్కింది.

నాటి నుంచి వారి సేవా ప్రస్థానం సంఘానికి తెలిసినదే అయినా, సంక్షిప్తంగా మనవి చేస్తాను. తొక్కుడు వరుస మార్చుకొమ్మని మొదట్లో అందరూ సలహా చెప్పారు. వారు మార్చుకోలేదు. గుంటలో కూర్చున్నన్నాళ్ళూ చద్దరును బోర్లా నేశారు. మడత పెట్టేటప్పుడు సీదా చేశారు. ఒక్క చద్దరు తిరిగి రాలేదు. కాశీరాంకు మరుసటి ఏడు వేరే మగ్గం దొరికింది. అన్నదమ్ములం కొన్ని నెలలు మాట్లాడుకోలేదు. మాట్లాడుకున్న రోజులలో కూడా పెద్దగా మాట్లాడింది లేదు కనుక, ఇంట్లోవారికి ఆ తేడా ఆలస్యంగా తెలిసింది.

1972 కరువులో నూలు రాక, మగ్గాలు ఏడు నెలలు ఆగిపోయాయి. అందరం కరువు పనులలో రాళ్ళు కొట్టడానికి పోయాము. నర్మదాబాయి గారు కూడా సుత్తి పట్టారు. మిగిలినవారం ఇంటికి వచ్చి నడుము వాల్చే వేళకు, వారు ప్రతి సాయంత్రం నూలు లేని మగ్గంలో కూర్చుని కాసేపు తొక్కుడు కర్రలు తొక్కేవారు.

“నూలు లేని మగ్గం మీద ఏం నేత్తున్నవే, గాలా?” అని భీమవ్వ అడిగేది.

“కాళ్ళు మరిసిపోతయత్తా,” అనేవారు.

తిరిగి నూలు వచ్చిన వారం, మా కాళ్ళు మగ్గం మీద పరాయివారి కాళ్ళయ్యాయి. నాలుగు రోజులు తడబడ్డాము. వారి మగ్గం మొదటి రోజే చద్దరు దించింది. ఆ తరువాత నూలు ఆగినప్పుడల్లా వాడలో సగం మంది ఖాళీ మగ్గాలు తొక్కడం మొదలుపెట్టారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చప్పుడు విన్నాము, అంతే. భీమవ్వ ఆ కరువు దాటించి, మరి మూడేళ్ళకు కన్నుమూసింది. ఆఖరి రోజున కూడా మంచం పక్కన నూలు నిండిన కండెలు పదిహేను ఉన్నాయి.

1976లో సంఘం గోకుందలో శిక్షణ కేంద్రం తెరిచి, నర్మదాబాయి గారిని అక్కడికి పంపింది. సరిహద్దు పల్లెల నుంచి, నర్మదాబాయి గారు పుట్టినటువంటి ఇండ్ల నుంచే, పదహారు మంది ఆడవారు వచ్చారు. మూడేళ్ళు వారు అక్కడ నేర్పారు. నేర్పే పద్ధతి తమదే. శిష్యురాలు ఎవరైనా ఎదుట వచ్చి నిలబడితే ఒప్పుకునేవారు కాదు.

“నా ఎదుట గాదు, నా ఎనుకకెల్లి నిలవడి సూడు. ఎదుట గూసోని నేర్సుకున్నది నేనొక్కదాన్ని సాలు,” అనేవారు.

ఆ పదహారు మందిలో మాండవి నుంచి వచ్చిన చంద్రభాగ గారు నేడు ఆ కేంద్రాన్ని నడుపుతున్నారు. మొదటి రోజు గుంటలోకి దిగడానికి భయపడితే, నర్మదాబాయి గారు తామే ముందు దిగి, “ఏమైత లేదు, సల్లగున్నది, రా,” అన్నారని ఆమె నాకు చెప్పారు.

1979లో వారు నాందేడుకు తిరిగి వచ్చి నేత విభాగపు ముకద్దం పదవిని స్వీకరించారు. ఆడమనిషి కింద పనిచేయడమేమిటని కొందరు గొణిగారు. వారు ఎవరిమీదా గొంతు ఎత్తలేదు. ఎవరు గుడ్డ తెచ్చినా మొదట తిరగవేసి వెనుక ముఖం చూసేవారు. వెనుక బాగుంటే ముందు చూడకుండానే పక్కన పెట్టేవారు. ఆ గొణిగినవారే తరువాత గుడ్డను తామే తిరగవేసి తెచ్చేవారు. కరెంటు మగ్గాలు వచ్చి మన నలభై మగ్గాలు పద్నాలుగుకు దిగినప్పుడు, సంఘం మూసివేయాలన్న మాట సభలో వచ్చింది. అప్పుడు వారు అన్నది ఒక్కటే మాట. “కరెంటు పోతె అయి ఆగుతయి. మనయి కాళ్ళున్నన్ని దినాలు ఆడుతయి.” పద్నాలుగు మగ్గాలు ఈనాటికీ ఆడుతున్నాయి. ఆ మగ్గం రాబడి మీదనే కుమార్తె జనాబాయి చదివి ఉపాధ్యాయురాలయింది. మార్కండేయ గారు ప్రాణమిచ్చిన ఆ పడుగుతో నేసిన మొదటి చద్దరు, ముద్రతో సహా, ఆమె ఇంట్లో ఉంది.

ఇంతవరకు రాసి, అచ్చుకు ఇచ్చే ముందు ఒకసారి వారికి వినిపించడం మర్యాద అని, మొన్న ఆదివారం వారి ఇంటికి పోయాను. చేటలో జొన్నలు చెరుగుతున్నారు. నేను చదివాను. చేతులెత్తిన చోట చేట ఆగింది.

“ఇన్నేండ్లు నీకు జెప్పలే, చెల్లె,” అన్నాను.

“నువ్వు జెప్పేదేంది రాజన్నా. నేను గడప కాడనే ఉంటి గద. ముప్పై ఒక్క చేతులు లెక్కవెట్టిన. ఆఖరుది నీది.”

“మరి ఎన్నడు అడగవైతివి.”

“అడిగేదేముంది. చద్దరు పాసైన మర్నాడు పొద్దుగాల నువ్వే జవాబు జెప్పితివి.” చేట మళ్ళీ కదిలింది. “గదైతె రాసినవా?”

“లే.”

“చెయ్యి లేపింది రాసినవు. గది రాయవా?”

“సన్మానం నీది. నా ముచ్చట ఎందుకు?”

“పీట లేని మగ్గం ఏడనన్న ఉన్నదా?” అన్నారు వారు. “రాయి. రాయకుంటె నేను సభకు రాను. హారం నువ్వే ఏసుకో.”

ఇరవై నాలుగేళ్ళలో వారు నాకు ఇచ్చిన ఆజ్ఞ ఇదొక్కటే. ముకద్దం మాట కనుక దాటను. అయితే అంతకు ముందు సంచిక మర్యాద నెరవేర్చాలి.

వరదకు వెరవక, కరువుకు వంగక, కట్టుబాటును వాదించకుండానే కాలితో దాటిన ఈ సోదరీమణి, గుంట దిగుడు ఎక్కుడు ఇక లేని కాళ్ళతో, తమ ఇష్టం వచ్చిన దిక్కుకు, ఇష్టం వచ్చినంత దూరం నడిచే ఆరోగ్యంతో వర్ధిల్లుదురు గాక. వారి చూపు సన్నని పోగును చివరి దాకా పట్టు గాక. కూతురి బిడ్డల బిడ్డలు ఆ మొదటి చద్దరును తిరగవేసి, ముద్ర ఏ ముఖం మీద ఉందని వారినే అడిగేంతటి దీర్ఘాయుష్షు వారికి కలుగు గాక.

ఇక ఆజ్ఞ ప్రకారం.

1964 జనవరి 8వ తేదీ బుధవారం పొద్దున, నా మగ్గం పని మొదలుపెట్టడానికి గంట ముందు, నేను నర్మదాబాయి గారి గదికి పోయాను. కాశీరాం మా వాకిట్లో నిలబడి వేపపుల్ల నములుతూ చూస్తున్నాడు. నర్మదాబాయి గారు అప్పటికే గుంటలో ఉన్నారు. భీమవ్వ రాట్నం ఆపి, “ఎవలది? అడుగు మగోనిది లెక్కున్నది,” అన్నది. పోగు జారకుండా, పొయ్యిలో నుంచి చిటికెడు బూడిద తీసి వేళ్ళకు రాసుకున్నాను. మగ్గం చుట్టూ తిరిగి పోయి, అవతల ఉన్న పొట్టి పీట మీద కూర్చున్నాను. పడుగులో పదకొండు పోగులు తెగి ఉన్నాయి. మొదటిది అందుకొని అతికాను.